నీలం దారంతో కుట్టిన ఎర

చేపల వేటకు అద్దెకు తిప్పే చార్టర్ బోటు సరంగు కూతురిని, వయసు ఇరవై ఏడేళ్ళు, అవివాహితను, ప్రస్తుతం ఆసుపత్రి రెండో అంతస్తులో మహిళల వార్డు కిటికీ పక్క మంచం మీద ఉన్నదాన్ని, బుద్ధి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నాలో పాడైంది గుండె కవాటం ఒక్కటే, తల బాగానే ఉంది. ఆ మాట డాక్టరు చేత వేరే కాగితం మీద రాయించి దీనికి జతచేశాను. రేపు ఉదయం ఎనిమిదింటికి ఆపరేషన్. పదిమందిలో ఆరుగురు లేస్తారని ఆయన చెప్పారు. మిగతా నలుగురి గురించి నేను అడగలేదు.

మా ఇంట్లో ఇంతకుముందు ఎవరూ వీలునామా రాయలేదు. రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. తప్పులుంటే మన్నించాలి.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత నాకు బడిలో అక్షరాలు దిద్దించిన టీచరమ్మది. ఆవిడ దీన్ని పైకి చదవాలి. "కష్టమైన మాట వస్తే దాటెయ్యకు, అక్కడే నిలబడి చదువు" అని నాకు నేర్పింది ఆవిడే. ఇందులో కష్టమైన మాట ఆరో అంశంలో ఉంది.

2. అమ్మకు. చేపల ముల్లుకు ఈకలు చుట్టి ఫ్లైలు కట్టుకోవడానికి పదో తరగతిలో నీ దగ్గర ఎత్తుకెళ్ళిన కుట్టుపెట్టె నీకు తిరిగి చెందుతుంది. అందులో దారపు ఉండలు సగానికి పైగా అయిపోయాయి. నీ ఆకుపచ్చ స్వెట్టరు ఏమైందని రెండు చలికాలాలు వెతికావు. విప్పి, ఆ ఊలంతా ఫ్లైల పొట్టలకు చుట్టేశాను. నా అలమరలో ఉన్న కొత్త శాలువా దాని బదులు. నీ పేరులో మూడక్షరాలు నేర్పి ఆపేశాను. ఇంకా రెండే ఉన్నాయి. టీచరమ్మ దగ్గర నేర్చుకో. వేలిముద్ర వేయించుకునేవాళ్ళు నీ చెయ్యి పట్టుకుని ఇంకు అద్దడం నాకు ఎప్పుడూ నచ్చేది కాదు.

3. నాన్నకు. నా ఫ్లై రాడ్డు, రీలు, రేకుడబ్బాలో నేను కట్టిన నలభై రెండు ఫ్లైలు నాన్నకు చెందుతాయి. వద్దంటాడని తెలుసు. అయినా ఆయనకే.

టీచరమ్మకూ సాక్షులకూ అర్థం కావడానికి ఇక్కడ కొంత వివరంగా రాయాలి. మా బోటు అద్దెకు వెళ్ళేది తెరచాప చేపల కోసం. కస్టమర్లు దాన్ని సెయిల్‌ఫిష్ అంటారు. మనిషంత పొడవుంటుంది. వీపుమీద రెక్క విప్పితే తెరచాప లేచినట్టే ఉంటుంది. నాన్న దాన్ని ఎరతో పడతాడు. చిన్న చేప కడుపులో ముల్లు దాచి కుట్టి, బోటు వెనక లాగుతూ పోతే అది ఆకలితో వచ్చి మింగుతుంది. నేను పుస్తకాల్లో చదివి పట్టుకొచ్చిన పద్ధతి వేరు. ముల్లుకు ఈకలూ ఊలూ కట్టిన ఫ్లైని చేప ముందుకు విసరాలి. అందులో తినడానికి ఏమీ ఉండదు, వాసన కూడా ఉండదు. "పది చేపలొస్తే ఎరకి ఎనిమిది, నీ ఈకలకి రెండు. ఇందుకేనా నిన్ను చదివించింది?" అని నాన్న నవ్వేవాడు. నవ్వుతూనే ఫ్లై కస్టమర్లను నాకు అప్పగించాడు. జెట్టీలో మాత్రం అందరితో "మా అమ్మాయి చదువుకుంది, అది చెప్పిందంటే ఇక తిరుగులేదు" అనేవాడు. ఆ మాట నా నెత్తిన ఎంత బరువో ఆయనకు తెలియదు.

కానీ తెరచాప చేప లోతు నుంచి ఈకల కోసం పైకి రాదు. ముందు దాన్ని ఎరతోనే పిలవాలి. అందుకోసం ముల్లు లేని ఎరను బోటు వెనక లాగుతారు. మేము దాన్ని ఊరింపు అంటాం. చేప నోరు తెరిచిన క్షణాన ఊరింపును లాగేయాలి. మళ్ళీ అందించి, మళ్ళీ లాగేయాలి. చేపకు ఒళ్ళు మండి పక్కలమీద నీలం చారలు వెలుగుతాయి. అప్పుడు సరంగు ఇంజన్ని న్యూట్రల్లో పెడతాడు. ఊరింపు ఒక్కసారిగా మాయమై, అదున్న చోట ఫ్లై పడుతుంది. ఆ కోపంలో చేప దాన్నే కొడుతుంది. ఊరింపు లాగే చెయ్యి లేకపోతే నా నలభై రెండు ఫ్లైలూ దిండులో కూరుకోవడానికి తప్ప పనికిరావు.

నాన్నా, ఎర గొప్పా ఈక గొప్పా అని మనం తొమ్మిదేళ్ళు కొట్లాడుకున్నాం. నేను ఓడిపోయానని ఇందుమూలంగా రాసిస్తున్నాను. నువ్వూ గెలవలేదు. గెలిచింది ఊరింపు లాగిన మనిషి, నీ తమ్ముడు. ఆయన్ని నువ్వు బోటు దించేశావు.

4. జెట్టీలో మా పక్కన బోటు కట్టే సరంగుకు నా వానకోటు. నాకు ఈకలమ్మ అని పేరు పెట్టింది ఆయనే. బాబాయిని బోటు దించిన రోజున గట్టిగా నవ్విందీ ఆయనే. అందుకని ఏమీ ఇవ్వకూడదనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, ఆ నవ్వుకు అవకాశం ఇచ్చింది నేను. కోటు ఇచ్చేయండి. ఎడమ జేబు చిరిగిందని చెప్పి ఇవ్వండి.

5. మా బోటులో సగం వాటా కాగితాల మీద నా పేరున ఉంది. సంతకం పెట్టగలిగినదాన్ని నేనే కాబట్టి నాన్న అలా రాయించాడు. ఆ సగం వాటా, దానిమీద నాకున్న సమస్త హక్కులతో సహా, మా నాన్న తమ్ముడికి, అంటే మా బాబాయికి చెందుతుంది. ఆయన ఇరవై ఏళ్ళు మా బోటులో ఎరలు కుట్టాడు. రెండేళ్ళుగా ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. ఇది బహుమతి కాదు. కారణం కింది అంశంలో ఉంది.

6. రెండేళ్ళ క్రితం ఒక పెద్దాయన మూడు రోజులకు మా బోటు మాట్లాడుకున్నాడు. ఫ్లైతో తప్ప పట్టనన్నాడు. రెండు రోజులు ఏదీ పడలేదు. బాబాయికి ఫ్లైల మీద ఎప్పుడూ వేళాకోళమే. "కోడీకలకే చేపలు పడితే మన కోళ్ళగూట్లో ఈపాటికి తిమింగలం ఉండాలమ్మా" అనేవాడు. అంటూనే, ఊరింపు మాత్రం ఆయన లాగినట్టు ఇంకెవరూ లాగలేరు.

మూడో రోజు ఉదయం ఇంజన్ మొరాయిస్తే బాబాయి కిందకు దిగాడు. ఆలస్యమవుతోందని ఊరింపులు నేను కుట్టాను. పెద్దాయన రాకముందు ఎర ట్రిప్పులో మిగిలితే ఐసులో పెట్టిన ట్రే పక్కనే ఉంది. అందులోంచి ఒకటి తీసి, పొట్ట విచ్చిపోయి ఉంటే కుట్టేశాను. తెల్లదారం అయిపోయింది, అమ్మ పెట్టెలోని నీలం దారం వాడాను. కుట్టేముందు కడుపును వేలితో తడిమి చూడాలి. బాబాయి ప్రతిసారీ చూస్తాడు. నేను చూడలేదు.

మధ్యాహ్నం చేప లేచింది. బాబాయి ఊరింపును లాగాడు, చేప వెంటపడి అందుకుంది, చిక్కుకుపోయింది. నేను తడిమి చూడని ఎర కడుపులోని ముల్లు మొప్పల దాకా దిగింది. గాల్లోకి నాలుగుసార్లు ఎగిరి, బోటు పక్కకు వచ్చేసరికి నెత్తురు కక్కుకుని చచ్చిపోయింది. పెద్దాయన రాడ్డు కింద పెట్టి "మీరు నన్ను మోసం చేశారు" అన్నాడు. ముల్లు పీకింది నేను. చేప నోట్లో నీలం దారం ఉంది. కత్తితో కోసి నీళ్ళలో పడేశాను.

జెట్టీలో అందరి ముందూ నాన్న బాబాయిని "దిగరా. అమ్మాయి పని చెడగొట్టడానికే ముల్లు పెట్టావు. మళ్ళీ నా బోటెక్కితే కాళ్ళు విరుగుతాయి" అన్నాడు. బాబాయి "నేను పెట్టలేదన్నయ్యా" అని ఒక్కసారే అన్నాడు. అప్పుడు నేను మాట్లాడాల్సింది. చదువుకున్నదాని చేతిలోనే తప్పు జరిగిందంటే నాన్న ముఖం ఎలా మారుతుందో తలుచుకుని, తాడు చుడుతూ నిలబడ్డాను.

దిగేముందు బాబాయి తన సూది నా చేతిలో పెట్టాడు. "ఈసారి తెల్లదారం వాడమ్మా. నీలం కనబడిపోద్ది" అన్నాడు.

ఆయన చూశాడు. చూసి కూడా చెప్పలేదు. ఆ సూది ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అది కూడా బాబాయికే చెందుతుంది.

7. వీలునామా మనిషి పోయాక చదివేది. ఐదు, ఆరు, ఏడు అంశాలకు మాత్రం ఆ నియమం వర్తించదు. రేపు నన్ను లోపలికి తీసుకెళ్ళి తలుపు మూయగానే టీచరమ్మ వాటిని బయట బెంచీ దగ్గర చదవాలి. బాబాయి ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వస్తున్నాడట. నాన్న ఒక చివర, ఆయన ఇంకో చివర కూర్చుని ఉంటారు. మధ్యలో అమ్మ ఉంటుంది.

లేచి బయటపడితే నేను దీన్ని చించేస్తాను. నా సంగతి నాకు తెలుసు. రెండేళ్ళలో ఎన్నోసార్లు నోటిదాకా తెచ్చుకుని మింగేశాను. పోయాక చదివితే నాన్న నామీద కోపం తెచ్చుకోలేడు, ఏడుస్తూ క్షమించేస్తాడు. ఆయనకు కోప్పడే హక్కుంది. ఆ హక్కు కూడా ఆయనకే రాస్తున్నాను.

నాన్నా, మన ఇంటికొచ్చిన ప్రతి కాగితం నేనే చదివాను. నువ్వు బాధపడతావనుకున్న చోట మెత్తగా మార్చి చదివేదాన్ని. టీచరమ్మ మార్చి చదవదు. విన్నాక నువ్వు లేచి వెళ్ళిపోయినా ఫరవాలేదు. వెళ్ళేటప్పుడు బెంచీకి బాబాయి కూర్చున్న ఆ చివరి వైపు వెళ్ళు.

ఈ మూడు కాగితాలనూ నీలం దారంతో కుట్టాను. కనబడాలని.

తేదీ: పదకొండు, గురువారం, సాయంత్రం నాలుగున్నర.

(సంతకం)
సరంగు కూతురు, జెట్టీలో అందరూ ఈకలమ్మ అనే మనిషి

మా కళ్ళముందే సంతకం చేసిందని చెప్పేవాళ్ళు:
1. (సంతకం) వార్డు నర్సు
2. (సంతకం) పక్క మంచం టైలరమ్మ, సూదిలోకి దారం ఎక్కించినవారు