పాదిరి గారు కనిపెట్టిన ఆల్చిప్ప

నెదర్ కాట్లీ,
మే 4, 1836

లండను గవ్వల సంఘం కార్యదర్శి ఫెంటన్ గారికి నమస్కారాలు.

నేను ఈ పల్లెటూరి పాదిరిని. ఆదివారం ప్రసంగం, తక్కిన ఆరు రోజులూ గవ్వలు. మా పిండిమర చెరువులో బొటనవేలంత ఆల్చిప్పలు, ఒంటినిండా చారలతో, రాళ్లకి గుత్తులుగా పట్టి ఉన్నాయి. మా జిల్లా గవ్వల పట్టికలో ఈ రకం ఇంతవరకూ లేదు. ఓ డజను తడి నాచులో చుట్టి ప్రాణాలతో పంపుతున్నాను. నా పేరున నమోదు చేయగలరు.

విధేయుడు,
సెప్టిమస్ థోర్లీ

తా.క. పట్టికలో పక్క ఊరి డాక్టరు గారి పేరున ముప్పై ఒక్క రకాలున్నాయి, నా పేరున ముప్పై. ఈ మాట అచ్చు వేయనక్కర్లేదు.

లండను,
మే 20

మాన్యులు థోర్లీ గారికి,

మీ డబ్బా తెరిచి, భూతద్దం పెట్టి ఒక్కొక్కటే చూశాను. ఇవి కలప ఓడలతో పరదేశం నుంచి మా రేవుకి దిగాయని ఇక్కడందరూ అంటారు. మరి మీ ఊళ్లో ఓడేదీ, రేవేదీ? కాబట్టి ఇవి అనాదిగా ఈ నేలవే. మీలాగే ఊరి చెరువుల్లో వీటిని చూశామని మరో పంతొమ్మిది మంది రాశారు. అవన్నీ కలిపి వ్యాసం రాస్తున్నాను. దీనికి ‘థోర్లీ ఆల్చిప్ప’ అని పేరు పెడుతున్నాను. పక్కన అచ్చు వేయడానికి మీ బొమ్మ గీయించి పంపండి.

మీ అభిమాని,
ఆంబ్రోస్ ఫెంటన్

తా.క. పన్నెండింటిలో పదకొండే మిగిలాయి. ఒకదాన్ని మా వంటావిడ వెన్నలో వేయించింది. మీరు ఆ పని చేయకండి.

నెదర్ కాట్లీ,
జూన్ 11

ఫెంటన్ గారికి,

ఆ పేరు వద్దండీ. అవి చెరువులోకి ఎలా చేరాయో నాకు కొంత తెలుసు. రాయబోతుంటే కలం సాగడం లేదు.

ఇక్కడ గొడవగా ఉంది. ఆల్చిప్పలు తూముకి అడ్డంపడి మర చక్రం ఆగిపోయింది. ఊరంతా పిండికోసం ఆరు మైళ్లు నడుస్తున్నారు. మర యజమాని జాబెజ్ కోపమంతా ఎఫ్రాయిమ్ డేస్ మీద. అతను కాలువలో కలప పడవ నడుపుతాడు, తాళ్లు తెచ్చి మర చెరువులో ఉతుక్కుంటాడు. “ఆ తాళ్లతోనే వచ్చింది ఈ దరిద్రం. వాడి సరుకు ఈ ఊళ్లో ఎవరూ దించొద్దు” అని జాబెజ్ చర్చి గుమ్మంలోనే తీర్పు చెప్పేశాడు. నేను పక్కనే ఉన్నాను. బైబిలు సర్దుకుంటున్నట్టు నటించాను.

సిగ్గుతో,
థోర్లీ

తా.క. నా బొమ్మ గీయించి పంపమన్నారని మా ఆవిడ కొత్త కోటు కుట్టించింది. తొడుక్కోలేక బీరువాలో దాచాను.

లండను,
జూన్ 25

మాన్య మిత్రమా,

అవి ఎలా వచ్చాయో మీకు తెలుసా? నాకూ తెలుసు, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి బాతుల కాళ్లకి అంటుకుని. మీరూ అదే అనుకుని చెప్పడానికి మొహమాటపడుతున్నారు. ఇంత వినయం నేనెక్కడా చూడలేదు. వ్యాసం అచ్చయింది, ప్రతి పంపుతున్నాను. జాబెజ్‌కి చదివి వినిపించండి. పడవవాడి మీద నింద దానంతటదే పోతుంది.

మీ ఫెంటన్

తా.క. సభలో మీ పేరు చదవగానే చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన ఏడ్చాడు కూడా. ఆయనకి కళ్లజబ్బుందని తర్వాత తెలిసింది.

నెదర్ కాట్లీ,
జూలై 9

ఫెంటన్ గారికి,

వ్యాసం చదివి వినిపించాను. జాబెజ్ ఆసాంతం విని, “అనాదిగా ఉంటే మా నాన్న నలభై ఏళ్లు మర ఎలా తిప్పాడండీ?” అన్నాడు. శనివారంలోగా ఊరి దరిదాపుల్లో కనబడొద్దని ఎఫ్రాయిమ్‌కి కబురు వెళ్లింది.

ఇంక దాచను. ఆరేళ్ల కిందట మీ లండను రేవులో ఒక దుంగకి పట్టిన గుత్తిని పీకి, తడి రుమాలులో చుట్టి, టోపీలో పెట్టుకుని తెచ్చాను. మర చెరువులో వదిలాను. కొత్త ప్రాణి కనబడితే ఊరికి తెచ్చి, నీళ్లలో వేసి, బతుకుతుందా అని చూడటం మన గవ్వల వాళ్లందరికీ ఉన్న సరదాయే కదా. బతికింది.

మొన్న ఆదివారం ప్రసంగం మానేసి ఇదంతా ఊరి ముందు చెప్పాను. జాబెజ్ ఎఫ్రాయిమ్ మీది కట్టడి ఎత్తేసి, నా చేతిలో ఉలి పెట్టాడు. ఎఫ్రాయిమ్ మాత్రం, “ఆ రోజు గుమ్మంలో నా పేరెత్తి తిడుతుంటే మీరూ ఉన్నారు కదయ్యగారూ” అన్నాడు. అంతే. ఆ మాటకి బదులు తిట్టినా బాగుండేది. రోజూ మోకాళ్లలోతు నీళ్లలో నిలబడి తూము గీకుతున్నాను.

క్షమాపణలతో,
థోర్లీ

తా.క. పట్టికలోంచి ఒకటి తీసేయండి. డాక్టరు గారికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన నవ్వలేదు, కాఫీ ఇచ్చారు. నవ్వినా ఓర్చుకునేవాణ్ణి.

లండను,
జూలై 30

థోర్లీ గారికి,

మీ ఉత్తరం చదివాక, మిగతా పంతొమ్మిది మందికీ ఒకే ప్రశ్న రాశాను: మీ చెరువులో మీరే వేశారా? పదిహేడుగురు ఒప్పుకున్నారు. ఒకాయన గొడుగులో తెచ్చాడట, ఒకాయన కూతురి బొమ్మల పెట్టెలో. ఇద్దరు మాత్రం తమకి ఏ పాపమూ తెలియదని బైబిలు మీద ఒట్టేసి రాశారు.

వాళ్లు చెప్పింది నిజం. ఆ రెండు చెరువుల్లోనూ వేసింది నేను. తొమ్మిదేళ్ల కిందట పల్లెలు తిరుగుతూ, రేకు డబ్బాలో తీసుకెళ్లి వేశాను. వ్యాసం రాసేటప్పుడు గుర్తుంది. అయినా రాశాను. మీది వినయమని రాశాను చూడండి, అదొక్కటే నేను మనస్ఫూర్తిగా నమ్మింది.

వ్యాసం వెనక్కి తీసుకున్నాను. సంఘం పదవి వదిలేశాను. మీకు ముఖం చూపించే ధైర్యం ఇంకా రాలేదు.

ఆంబ్రోస్ ఫెంటన్

తా.క. ఆ రెండు చెరువుల కిందా మరలున్నాయి. అక్కడ నా బదులు ఎవర్ని వెళ్లగొట్టారో నేనింతవరకూ అడగలేదు. రేపు పొద్దున్న బండికి అడగడానికే వెళ్తున్నాను.