ఒక పన్ను తీసేయండి

డాక్టర్ మిలెనా గారికి,

మీరు కట్టిన పళ్లు ముత్యాల్లా ఉన్నాయి. మా ఆవిడ రుసానా నా చేతిలో అద్దం లాక్కుని, "చాల్లే, పెళ్లికూతురివి నువ్వు కాదు" అంది. పెళ్లి మా మనవరాలిది, ఆదివారమే. మేకతోలు తిత్తి వాద్యం ఊది తనని పుట్టింటి నుంచి సాగనంపేది నేను.

చిక్కు అక్కడే వచ్చింది. ఊదే గొట్టం పళ్ల మధ్య బిగించి ఊది, ఊపిరి పీల్చుకోడానికి బయటికి లాగితే పైవరుస మొత్తం దాంతోపాటే వచ్చేస్తోంది. నిన్న తిత్తి నిండకముందే పళ్లు ఒళ్లో పడ్డాయి. తీసేసి వాయిద్దామంటే, ఫొటోల్లో పళ్లున్న తాతే కావాలని మనవరాలి పట్టు.

తప్పు మీది కాదు. మీ సోఫియా పట్నంలో ఉందో లేదో గాని, మా కొండల్లో పాలపన్ను ఊడితే ఇంటికప్పు మీదికి విసిరి, బదులుగా ఇనప పన్ను ఇమ్మని కాకిని అడుగుతాం. అందరూ అడిగి మరిచిపోయారు, నేను నమ్మాను. అమ్మాయిల ముందు అక్రోటుకాయలు పళ్లతోనే పగలగొట్టాను. సీసా మూతలూ అంతే. ఇక బ్రష్షంటారా, ఇనుముని ఎవరు తోముతారండీ?

అందుకని ఆ పైవరుసలో, ఎడమ కోరపన్ను పక్కది ఒకటి తీసేయండి. గొట్టం ఆ సందులో కూర్చుంటుంది. "ఉన్నవి ఊడగొట్టుకున్నావు, పెట్టినవీ ఊడగొట్టిస్తావా?" అంటోంది రుసానా. అననివ్వండి.

తీసిన పన్ను మాత్రం పారేయకండి, కప్పు మీదికి విసరాలి. ఈసారి ఇనప పన్ను అడగను. పిల్ల గడప దాటేదాకా నా ఊపిరి చాలితే అదే పదివేలంటాను.

మీ తిత్తి తాత