నీ ఫోనుకొచ్చిన కాల్

అన్నయ్యా,

నీ స్టైల్లో చెప్పాలంటే, యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఆటోనగర్‌లో మన షెడ్డు ముందు గుంట పూడ్చారు.

నువ్వు పోయినా నీ ఫోనుకి చార్జింగ్ పెడుతూనే ఉన్నాను. ఇవాళ మోగింది. నువ్వు చదివిన యూనివర్సిటీ నుంచి ఎవరో అమ్మాయి.

"గవర్నమెంటు డబ్బులూ ఫీజులూ చాలట్లేదు సార్. ల్యాబ్ కట్టడానికి పాత స్టూడెంట్లని అడుగుతున్నామండీ. ఇచ్చినవాళ్ల పేర్లు గోడ మీద వేస్తాం."

"నా పేరు క్యాంటీన్ గోడకి వెయ్యమ్మా, నేను చదివిందంతా అక్కడే," అన్నాను నీ గొంతుతో. పడీపడీ నవ్వింది.

నువ్వు లేవని చెబితే లిస్టులో నీ పేరు కొట్టేస్తారు. ఇంక నిన్ను పేరుపెట్టి అడిగేవాళ్లెవరూ ఉండరు. అదే నా భయం.

క్యాంటీన్ మాటా, ఆ నవ్వూ నేను కల్పించినవే. "రామ్మోహన్ గారేనా అండీ?" అంటే "ఆ" అన్నాను. ల్యాబ్ సంగతి చెప్పాక ఫోను చెవికి పెట్టుకునే బోల్టు బిగిస్తూ ఉండిపోయాను. "బిజీగా ఉన్నట్టున్నారు, రేపు మళ్లీ చేస్తానండీ," అంది. అది మాత్రం నిజం.