నడిచింది నాలుగు, ఎక్కింది నాలుగు

మదనపల్లె,
నవంబరు, ఆదివారం

ప్రియమైన నాయనకు,

నేను బాగుండాను. అమ్మ పంపిన నిమ్మకాయ ఊరగాయ చేరింది. మా రూములో వాళ్ళంతా కలిసి రెండు పూటల్లో సీసా కడిగేసినారు, నాకు అడుగున ఉప్పే మిగిలింది.

ఆదివారం వార్డెన్ ఫోను ఇస్తుంది కానీ వెనకాల లైను కట్టి నిలబడి ఉంటారు, ఇంక గ్రాఫుల గురించి ఏం మాట్లాడేది. గీత గీసి చూపించాలంటే కాగితమే దిక్కు. అందుకే రాస్తాండాను.

మా లెక్కల ఉషారాణి మేడం సాయంత్రం స్టడీ అవర్‌లో లెక్కలు బాగా వచ్చేవాళ్ళకి తలా ముగ్గుర్ని అప్పజెప్పింది. నాకు భారతి, పుష్పావతి, హనుమక్క వచ్చినారు. హనుమక్కది పుంగనూరు అవతల పల్లె. వాళ్ళకి గొర్రెలు, మేకలు ఉండాయి. వాళ్ళ జేజి పేరు పెట్టినారంట, అందుకే అట్లా పాతకాలం పేరు. టెన్త్‌లో లెక్కలు పోతాయని ఆ పిల్ల ముందే తీర్మానం చేసుకోని కూచోనుండాది.

ఇప్పుడు మాకు సరళరేఖ వాలు జరుగుతాండాది. ముగ్గురూ సూత్రం బట్టీ పట్టినారు. ఇందులోంచి అది తీసెయ్, దాంతో భాగించు అంటే చేస్తారు. వచ్చిన సంఖ్య ఏందో మాత్రం తెలీదు. నిన్న హనుమక్క అడిగింది, "సుప్రజా, గీతకి వాలు యాల? ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" అని. పుస్తకంలో ఉందని చెప్పి తప్పించుకున్నా.

నువ్వు కుప్పంలో నీ క్లాసుకి ఎట్ల చెప్తావో రాయి నాయనా. బడిపిల్లోళ్ళకి అందరికీ చెప్తావు, నన్ను మాత్రం ఎప్పుడూ కూచోబెట్టి చెప్పలేదు.

నీ పాప,
సుప్రజ


కుప్పం,
నవంబరు

నా బంగారు తల్లి సుప్రజకు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుకోని నవ్వుకున్నాను. మంచి ప్రశ్నే వేసింది ఆ పిల్ల. వాలు అంటే ఇంకేం లేదు, గీత ఎంత నిట్టనిలువుగా ఎక్కుతాండాదో చెప్పే సంఖ్య. అంతే.

నేను చెప్పే పద్ధతి ఇది. ఒక దారానికి సుద్దపొడి బాగా పూసి, ఇద్దరి చేత చెరో కొస గళ్ళు గీసిన బోర్డు మీద పట్టించి, నడిమిన లాగి వదులు. తెల్లటి గీత టప్పున పడుతుంది. పిల్లోళ్ళకి అదొక సంబరం. ఆ గీత మీద ఒక చుక్క దగ్గర నిలబడమను. ముందు నడవల్ల, తర్వాత ఎక్కల్ల. కుడిపక్కకి ఎన్ని గళ్ళు నడిచినారు, మళ్ళీ గీతను అందుకునేదానికి ఎన్ని గళ్ళు ఎక్కినారు, లెక్కపెట్టమను. ఎక్కినదాన్ని నడిచినదానితో భాగిస్తే వాలు వస్తుంది. ఎక్కడానికి బదులు దిగాల్సి వస్తే మైనస్సు.

గీత గీయమన్నా ఇదే దోవ. y = 2x + 3 అని ఇస్తే, Y-అక్షం మీద మూడు దగ్గర బయలుదేరి, ఒకటి నడిచి రెండు ఎక్కి చుక్క పెట్టు. మళ్ళీ ఒకటి నడిచి రెండు ఎక్కు. చుక్కలు కలిపితే అయిపాయ. పేపర్లో కూడా "నడిచింది ఇంత, ఎక్కింది ఇంత" అని రాయమను. అట్ల రాస్తే కిందిదీ పైదీ తారుమారు కాదు.

నిన్ను కూచోబెట్టి చెప్పలేదన్నావు. నీకు చెప్పాల్సిన అవసరం ఎప్పుడు పడిందమ్మా?

మీ నాయన,
మధుసూదన్


మదనపల్లె,
నవంబరు

ప్రియమైన నాయనా,

దారం పని చేసింది. సుద్దపొడి భారతి జడనిండా పడి వార్డెన్ చేత తిట్లు కూడా తిన్నాం. అయినా ముగ్గురికీ వాలు వచ్చేసింది. "ముందు నడువు, తర్వాత ఎక్కు" అని మెస్సు లైనులో కూడా పాట మాదిరి చెప్పుకుంటాండారు.

హనుమక్క సంగతి వేరే. ఆ పిల్లకి నేను ఒకసారి చెప్తే చాలు. వాళ్ళ మేకలు గుట్టకి నిట్రంగా ఎక్కేస్తాయంట, గొర్రెలు మాత్రం చుట్టు తిరిగి పోతాయంట. "మేకకి వాలెక్కువ, గొర్రెకి తక్కువ, ఎక్కేది మాత్రం ఒకటే గుట్ట," అనింది. నిలువుగీత చూపించి దీని వాలెంత అని అడిగినా. తికమక పడుతుందనుకున్నా. "దీంట్లో నడిచేదే లేదు గదా, దేంతో భాగిస్తావు? దీనికి వాలు సెప్పలేము," అని పుసుక్కున అనేసింది. మేడం అప్పుడే అటు పోతా ఆ చివరి మాట విని, క్లాసంతా చూసేట్టు చప్పట్లు కొట్టించింది. నాలుగు లెక్కలిస్తే నాకంటే ముందే చేసి పెన్ను కింద పెడతాండాది ఇప్పుడు.

పోయిన ఆదివారం వాళ్ళ నాయన యల్లప్ప మామ వచ్చినాడు. వేయించిన చెనిక్కాయలు రెండు పొట్లాలు తెచ్చినాడు. ఒకటి హనుమక్కకి, ఇంకోటి నాకు. "మా బిడ్డకి లెక్కలు సెప్పే పాపవు నువ్వే గదా," అని రెండు చేతులతో ఇచ్చినాడు. నాకు సిగ్గేసింది.

వచ్చే నెల హాఫియర్లీ పరీక్షలు. నేను కూడా చదువుకోవాల కదా, వీళ్ళతోనే సరిపోతాండాది.

నీ పాప,
సుప్రజ


కుప్పం,
డిసెంబరు

సుప్రజ తల్లికి,

నువ్వు రాసింది చదివి నాకు కడుపు నిండిపోయింది. ఆ మేకలు, గొర్రెల మాట రేపే నా క్లాసులో చెప్పేస్తా. నిలువుగీత సంగతి తనంతట తాను పట్టుకున్న బిడ్డని నేను ఇంతవరకూ చూడలేదు. స్టాఫ్ రూములో అందరికీ నీ ఉత్తరం చదివి వినిపించినా. హనుమక్కని నా మాటగా మెచ్చుకో. అట్లాంటి బిడ్డ ఒకటి నా చేతికింద ఉంటే చాలు, ఇంకేం అడగను.

ఇప్పుడు అసలు సంగతి విను. మొన్న ఒకటి రాయడం మరిచినాను, నాదే తప్పు. గళ్ళు లెక్కపెట్టేది రెండు అక్షాలకీ స్కేలు ఒకటే ఉన్నప్పుడే. Y-అక్షం మీద గడికి ఐదు అని ఇచ్చినారనుకో, ఒక్క గడి ఎక్కితే ఐదు ఎక్కినట్టు. ఇక్కడ మా పిల్లోడు ఒకడు ఇట్లనే బోల్తా పడితే నాకు గుర్తొచ్చింది. పరీక్షల్లో ఇదే మెలిక పెడతారు. ముందు స్కేలు చదివి, ఆ తర్వాతే నడవమను. ముగ్గురికీ పరీక్షకి ముందే చెప్పు తల్లీ, మరిచిపోవద్దు.

నీకేముందిలే, నీకు వస్తుంది.

మీ నాయన,
మధుసూదన్


మదనపల్లె,
డిసెంబరు

నాయనా,

ఎట్ల మొదలు పెట్టల్లో తెలీడంలేదు.

లెక్కల పరీక్షలో గ్రాఫు గీసి ఇచ్చి వాలు కనుక్కోమన్నారు. X-అక్షం మీద గడికి ఒకటి, Y-అక్షం మీద గడికి ఐదు. గళ్ళు లెక్కపెడితే వాలు ఒకటి వస్తుంది, స్కేలు చూస్తే ఐదు. నేను సూత్రం పెట్టి చేసినా, ఐదు వచ్చింది. భారతి, పుష్పావతి, హనుమక్క ముగ్గురూ ఒకటి అని రాసినారు. ముగ్గురి పేపర్లోనూ "నడిచింది నాలుగు, ఎక్కింది నాలుగు" అని ఒకే మాదిరి ఉండాది. పుస్తకంలో ఎక్కడా లేని మాటలు. ముగ్గురూ ఒకే వరసలో కూచున్నారు, హనుమక్క నడిమిన.

మేడం ఇది కాపీ అనుకునింది. నడిమిన ఉన్న పిల్లే ఇద్దరికీ చూపించిందనింది. క్లాసులో నిలబెట్టి, "ఈ మాటలు యాడ నుంచి వచ్చినాయి?" అని అడిగింది. హనుమక్క, "నేను సూపించలేదు మేడం, సూసి రాయలేదు," అనింది. ఆ తర్వాత నా వైపు ఒకసారి చూసి తల దించుకునింది. నేను మాట్లాడలేదు నాయనా. భారతి, పుష్పావతి కూడా ఏడ్చినారే గానీ నా పేరు ఎత్తలేదు.

యల్లప్ప మామని పిలిపించినారు. ఆయన ఆఫీసు రూము బయట చెప్పులు విడిచి లోపలికి పోయినాడు. బయటికొచ్చి హనుమక్క ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకోని పోయినాడు. "సదువొద్దు, నా పరువు నాకుంటే చాలు," అన్నాడంట. మార్చిలో పబ్లిక్ పరీక్ష. హనుమక్క రాకపోతే ఎట్ల? ఆ పిల్ల మంచం ఖాళీగా ఉండాది, నేను అటు తిరిగి పడుకోలేకుండా ఉండాను.

స్కేలు గురించి నువ్వు రాసిన ఉత్తరం పరీక్ష అయిపోయినాక నా చేతికొచ్చింది.

సుప్రజ


కుప్పం,
డిసెంబరు చివర

తల్లీ సుప్రజా,

నీ ఉత్తరం చేరింది. నువ్వు కుమిలిపోవద్దు, ఇందులో నీ తప్పు గోరంత కూడా లేదు. స్కేలు గురించి ఆ రెండో ఉత్తరం రాసి చొక్కా జేబులో పెట్టుకోని, పోస్టు చేయకుండా రెండు రోజులు తిరిగినాను. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్ళు పాఠం చెప్పి, పిల్లలకి సగం పద్ధతి నేర్పించి మిగతా సగాన్ని జేబులో పెట్టుకున్నవాణ్ణి నేను. నా బద్ధకానికి గొర్రెలు కాసే ఇంట్లో ఒక బిడ్డ చదువు పోయింది.

శనివారం సెలవు పెట్టి మదనపల్లె వచ్చినాను. మీ మేడంతో మాట్లాడినాను. ఆ మాటలు నావేనని, నా క్లాసు పిల్లోళ్ళ నోటుపుస్తకాలు చూపించి చెప్పినాను. పాపం ఆమె బాధపడింది, పిల్లని వెనక్కి రమ్మనింది. నువ్వు క్లాసులో ఉంటే కిటికీలోంచి చూసి వచ్చేసినాను.

ఆ సాయంత్రం పుంగనూరు పోయి, వాళ్ళ పల్లె వెతుక్కోని యల్లప్ప ఇంటికి పోయినాను. దొడ్డి ముందర నిలబడి తప్పు నాదని చెప్పినాను. ఆయన దొడ్డి తడిక తీసుకోని బయటికొచ్చినాడు. "సారూ, నా బిడ్డ దొంగతనం సేసిందేమో అని నేను మంది మొగం సూడలేకుండా ఉండాను. మీరు ఇంత దూరం వచ్చి సెప్తిరి, అది సాలు," అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. నాకు తల ఎత్తాలంటే చేత కాలేదు.

హనుమక్క గుంజకి ఆనుకోని విన్నది. ఒక్కటే అడిగింది, "సార్, ఆ ఉత్తరం యా దినం పోస్టులో ఏసినారు?" అని. చెప్పినాను. ఆ పిల్ల లోపలికి పోయి నాకు చెంబుతో నీళ్ళు తెచ్చిచ్చింది. సోమవారం బడికొస్తానని చెప్పింది.

నువ్వు ఇంక ఏడవద్దు. ఇది నేను మోయాల్సిన బరువు.

మీ నాయన


మదనపల్లె,
జనవరి

నాయనా,

హనుమక్క వచ్చింది. నువ్వు పోయి చెప్పబట్టే వచ్చింది. అందుకే ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోతాండాను. ఇది చదివినాక నువ్వు నన్ను కొట్టినా పడతా.

నీ ఉత్తరం పరీక్ష అయినాక రాలేదు. ముందు రోజు సాయంత్రమే వచ్చింది. బట్టలుతికే బండ మీద కూచోని చదువుకున్నా. పక్క బండ మీద హనుమక్క లంగా పిండుకుంటా ఉండింది. "సార్ ఏం రాసినాడు?" అని అడిగింది. "ఊరికే, ఇంటి సంగతులు," అన్నా. అందుకే ఆ పిల్ల నిన్ను తేదీ అడిగింది. రెండు రోజులు జేబులో ఉన్నా, ఆ ఉత్తరం పరీక్షకి ముందే చేరిందని లెక్క కట్టుకోని ఉంటుంది.

నేను తప్పు నేర్పించినానని ఒప్పుకునేదానికి సిగ్గుపడి దాచలేదు నాయనా. అట్ల రాసుంటే కొంచెం తేలికగా ఉండేది. అట్లాంటి బిడ్డ ఒకటి ఉంటే చాలు, ఇంకేం అడగనని రాసినావే, ఆ వాక్యం దగ్గర నా కళ్ళు నిలిచిపోయినాయి. నాకు నువ్వు రాసింది "నీకేముందిలే" అని. స్కేలు సంగతి ఆ రెండిటి నడిమినే ఉండాది. చదివినా, అర్థమయింది, మడిచి పెట్టేసినా. ఒక్క లెక్కలో ఆ పిల్ల నాకంటే తగ్గితే చాలనుకున్నా. కాపీ అంటారని, ఊరికి పంపించేస్తారని నేను అనుకోలేదు. కానీ తగ్గాలని అనుకున్నా. అది మాత్రం నిజం. ఆ తర్వాత నువ్వు నా కోసం సెలవు పెట్టి, బస్సులు మారి, తెలియని దొడ్డి ముందర తల దించుకోని నిలబడితే, నేను ఇక్కడ సంగటి తింటా నోరు మూసుకోని ఉన్నా.

మేడంకి చెప్పేసినా. తిడుతుందనుకున్నా, తిట్టలేదు. మా గ్రూపుని హనుమక్కకి అప్పజెప్పింది. ఇప్పుడు నేను అందులో కూచుంటాండాను. హనుమక్క కాగితం మీద గీత గీసేముందు, "మొదట స్కేలు సదవండి," అని అంటాది. ముగ్గురికీ కలిపి చెప్తాది, నన్ను మాత్రం పేరు పెట్టి పిలవదు.

యల్లప్ప మామకి కూడా ఒక ఉత్తరం రాసినా. మా నాయన తప్పు లేదు, నేనే దాచినానని. ఆయనకి చదువు రాదు, ఎవరో ఒకరు చదివి వినిపించల్ల. వాళ్ళ ఇంట్లో చదువొచ్చింది హనుమక్క ఒక్కటే. అందుకే ఆ ఉత్తరం ఆ పిల్ల చేతిలోనే పెట్టినా. అక్కడే నిలబడి మొత్తం చదివింది. తగ్గాలనుకున్నానని రాసిన చోట ఆగింది, మళ్ళీ చదివింది.

"ఇది వద్దంటే తీసేస్తా," అన్నా.

"వద్దులే. ఉన్నదున్నట్టు సదువుతా," అనింది. మడిచి పెట్టెలో పెట్టుకునింది.

రేపు ఆదివారం యల్లప్ప మామ వస్తాండాడు. హనుమక్క ఆ ఉత్తరం చదివేది ఆయన వచ్చినాకే. ఆయన మాత్రం ఏమీ తెలీకుండా బస్సు దిగి, గేటు దగ్గరికి రెండు చెనిక్కాయల పొట్లాలతో వస్తాడు. ఈసారి ఒకటే తెస్తే బాగుండునని నేను దేవుడికి మొక్కుకుంటాండాను నాయనా.

నీ
సుప్రజ