బొంగరం పన్ను

ఆగస్టు 9, మధ్యాహ్నం
కుట్టు కొట్టు నుంచి

చిరంజీవి చెల్లికి అక్క దీవెనలు. మరిదిగారికి నమస్కారాలు చెప్పు. పెద్దమ్మ ఏం రాసిందోనని తొంగిచూసే మన బొంగరానికి రెండు బుగ్గల మీదా ముద్దులు. నేను క్షేమం. మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. తెలిసి తెలిసి ఎలా రాయను?

రెండు వీధుల అవతల ఉన్నదానికి ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న మీ ఇంటికొచ్చి, నీ మొహం చూసి, చెప్పాలనుకున్నదంతా మింగేసి, టీ తాగి వచ్చేశాను.

పిల్లకి మూర్ఛ అని డాక్టరుగారు చెప్పి నెలయింది. ఈ నెల్లో నువ్వు సగమయ్యావు. మరిదిగారు డ్యూటీలో బస్సు దిగిన ప్రతిసారీ ఫోన్ చేసి, మళ్ళీ పడిందా అని అడుగుతున్నారట. నువ్వేమో ఇంట్లో కుర్చీలు తీసేశావు, మేడమెట్లకు తలుపు పెట్టించావు, బడి మాన్పించావు. ఒక్కచోట కాలు నిలవదనే కదే దానికి బొంగరమని పేరు పెట్టుకున్నాం! మొన్న అది మంచం మీద ముడుచుకు కూర్చుని, పెద్దమ్మా, నేను లేచి నిలబడొచ్చా అని అడిగింది. నా గుండె చెరువైపోయింది.

మొదటిసారి మూర్ఛ వచ్చిన ఆ రోజు దాన్ని నా కొట్లో వదిలి వెళ్ళకపోతే కత్తిరింపుల బల్ల మీద నుంచి పడేది కాదు, ముందు పన్ను విరిగేది కాదు అని నిన్ను నువ్వే తిట్టుకుంటున్నావు. ఇక చాలు, మానెయ్.

ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది గుర్తుందా? ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమంది, టైం చూడమంది, ఐదు నిమిషాలు దాటితే వెంటనే తీసుకురమ్మంది, నోట్లో ఏదీ పెట్టొద్దంది. మందులు వేళకు వేస్తూ బడికి పంపమని కూడా అంది. ఆ చివరి మాట నువ్వు వినలేదు. దాని ముందు మాట దగ్గరే నేను తల దించుకున్నాను.

నిన్ను అడక్కుండానే నిన్న బడికి వెళ్ళాను, తరవాత తిట్టుకో. తోటి పిల్లలకు తనే నచ్చచెబుతానని టీచరమ్మ అంది. మొదటి వారం వరండాలో కూర్చుని గుండీలు కుట్టుకుంటానంటే, నవ్వి, కిటికీ పక్కన కుర్చీ వేయించింది.

కొత్త యూనిఫారం పంపుతున్నాను. జేబులో నర్సమ్మ మాటలు రాసిన కార్డు ఉంది. అంచు రెండంగుళాలు లోపలికి మడిచాను, పెరిగే పిల్ల కదా. సోమవారం బడికి పంపు తల్లీ.

ఇట్లు,
నీ అక్క

తా.క.: యూనిఫారం మడతలో మెడ వంగిన చెంచా ఒకటి ఉంటుంది. పొరపాటున పడింది కాదు, నేనే పెట్టాను. చెల్లీ, ఆ రోజు అది బల్ల ఎక్కనేలేదు. కింద చాప మీద కూర్చుని గుండీలు రంగుల వారీగా ఏరుతోంది. ఉన్నట్టుండి కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగింది. నాలుక కొరుక్కుంటుందని హడలిపోయి ఆ చెంచా పళ్ళ మధ్య బలవంతాన దూర్చాను. టప్పుమంది. మళ్ళీ మొలిచే పన్ను కూడా కాదు. నువ్వు పరుగెత్తుకొచ్చి అడిగితే పడిందన్నాను. దానికేమీ గుర్తులేకపోవడం నాకు కలిసొచ్చింది. నా ఒక్క అబద్ధానికి పసిది నెలరోజులుగా మంచం దిగలేదు. ఇక దాన్ని నా దగ్గరికి పంపకపోయినా సరే, నోరెత్తను. బడికి మాత్రం పంపు. నేను రాకూడదంటే వరండాలో నువ్వే కూర్చో. కుర్చీ కిటికీ పక్కనే ఉంది.