డిఫాల్టు పేరు మట్టయ్య

మన్సూరాబాద్,
హైదరాబాద్.

గౌరవనీయులైన సంచాలకులు గారి సముఖమునకు,
యువజన కంప్యూటర్ శిక్షణ కేంద్రం,
దిల్‌సుఖ్‌నగర్.

అయ్యా,

విషయం: తమ కేంద్రములోని లైనక్స్ మిషన్లకు నా పేరు ఉన్నదన్న కారణముతో నా కూతురు చి. యాదలక్ష్మి నౌకరి పొడిగింపు ఆపి ఉంచుట గురించి, మరియు సదరు మట్టయ్య అను వ్యక్తిని నేనే అని తెలియపరచుకొనుట గురించి.

సూచిక: సహాయ అధికారి శ్రీ ప్రసన్నకుమార్ గారు నా కూతురికి ఇచ్చిన సంజాయిషీ నోటీసు.

నమస్కరించి రాసుకొను మనవి ఏమనగా, ఇది ఫిర్యాదు అర్జీ. అయినను రాస్తూ ఉంటే నాకు సంతోషము ఆగుట లేదు. ఫిర్యాదు చేయువాడు సంతోషపడరాదని తమ ఆఫీసులో నియమం ఏదైనా ఉన్నయెడల ముందుగానే క్షమించగలరు. నాకు ఈ రెండూ ఒకేసారి వచ్చినవి. దేనిని ముందు రాయాలో తెలియక రెండూ కలిపి రాయుచున్నాను.

1. నేను నల్లగొండ జిల్లా నుండి బతుకుదెరువుకు వచ్చి, కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీగా పని చేసినవాడను. మార్కెట్ అక్కడి నుండి ఎత్తివేసిన తర్వాత నా నడుము కూడా పని మానుకొన్నది. ఏడవ తరగతి వరకు చదివినాను. మార్కెట్‌లో మాకు నంబరు బిళ్లలు ఉండేవి. షావుకార్లు బిళ్ల చూసి పిలిచేవారు, బిళ్ల కనపడకపోతే "అరే హమాలీ" అని పిలిచేవారు. మట్టయ్య అను పేరు నాకు ఉన్నదని రేషన్ కార్డుకు, నా భార్య అండాలమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. అండాలమ్మకు తెలిసినా ఆమె ఆ పేరు పలుకదు. "ఇగో, నిన్నే" అంటది.

2. నా కూతురు యాదలక్ష్మి తమ కేంద్రములో కాంట్రాక్టు మీద పని చేయుచున్నది. అక్కడ పిల్లలు నేర్చుకొనుటకు లైనక్స్ మిషన్లు కావలెనట. అవి చేతికి దొరికే మిషన్లు కావు. ఒక పెద్ద కంప్యూటర్ లోపల అనేక కంప్యూటర్లు ఉన్నట్టే పని చేస్తవట, వాటినే వర్చువల్ మిషన్లు అంటారట. తమకు తెలియనిది కాదు, నాకు తెలిసినదని చెప్పుకొనుటకు రాసినాను. మునుపు ఒక్కొక్క మిషన్‌ను ఒక్కొక్కరు చేతితో తయారు చేసేవారు. ఒకదానిలో టైము వేరే దేశంది చూపేది, ఒకదానిలో తెలుగు అక్షరాలు గళ్లు గళ్లుగా కనపడేవి, ఒకదానికి జాగా చాలక మధ్యలోనే ఆగిపోయేది. నా బిడ్డ కూర్చుని ఒక్కసారి అన్నీ కుదిర్చి పెట్టినది. ఇప్పుడు ఎవరు మీట నొక్కినా మిషన్ మన టైముతో, మన అక్షరాలతో, సరిపోయే జాగాతో పుడుతుంది. దీనిని డిఫాల్టు అంటారట.

డిఫాల్టు అంటే బ్యాంకు అప్పు ఎగ్గొట్టుట అని నేను భయపడినాను. నా కూతురితో పని చేయు అమల గారు, గుంటూరు వైపు అమ్మాయి, నాకు అర్థమయ్యేట్టు చెప్పినారు. "అదేం కాదు బాబాయ్ గారూ. హోటల్లో ఇడ్లీ చెప్తే చట్నీ మనం అడక్కుండానే తెచ్చి పెడతాడు కదండీ, వద్దంటేనే ఆపుతాడు. డిఫాల్ట్ అంటే ఆ చట్నీ అన్నమాట." ఆ రోజు నుండి నాకు నా కూతురు చేసే పని మీద ఏ సందేహమూ లేదు.

3. ఆ కుదిర్చినవాటిలో ఒక గడి ఉన్నదట. పుట్టబోయే మిషన్‌కు ఎవరూ ఏ పేరూ చెప్పకపోతే ఏ పేరు పెట్టాలి అన్నది ఆ గడి. దానిలో నా కూతురు 'మట్టయ్య' అని కొట్టినది. అప్పటి నుండి మట్టయ్య-1, మట్టయ్య-2 అని వరుసగా పుట్టుకొచ్చుచున్నారు. ఇదేం పేరే అని అమల గారు అడిగితే నా బిడ్డ ఏమన్నదో ఆమెనే మా ఇంటికి వచ్చినప్పుడు చెప్పినారు. "బరువు మోసేటియి గదా అక్కా. ఎంత మోపినా కిందెయ్యనోని పేరు పెట్టిన."

అయ్యా, ఆ మాట విని నేను లేచి వాకిట్లోకి పోయినాను. నా కండ్లు బాగలేవని ఇంట్లో అందరితో అబద్ధం చెప్పినాను. అండాలమ్మ మాత్రం లోపలి నుండి, "జాగ నీ పేరు మీద లేకపాయె, ఇల్లు నీ పేరు మీద లేకపాయె. కంప్యూటర్లన్న ఉన్నయి, సంబురపడు" అన్నది. నేను నిజంగానే సంబురపడినాను. ఎల్బీనగర్ చౌరస్తా దాకా నడిచిపోయి, తెలిసినవారికి తెలియనివారికి చెప్పి వచ్చినాను.

4. ఆ సంతోషం మీద నోటీసు వచ్చినది. "మట్టయ్య అను బయటి వ్యక్తి ఎవరు? సంస్థ మిషన్లన్నిటిపై అతని పేరు ఏల ఉన్నది? అతనికి లోపలికి ప్రవేశము ఎట్లు కలిగినది?" అని అందులో అడిగినారు. అడిగినది న్యాయమే. ఆ వ్యక్తి నేనే కావున, నేనే స్వయముగా పోయి కనపడితే అనుమానం తీరునని తలచి ఇస్త్రీ చొక్కా వేసుకొని తమ కేంద్రమునకు వచ్చినాను. నేను ఇంతవరకు ఏ కీబోర్డునూ ముట్టినవాడను కానని ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను.

గేటు కాడ సెక్యూరిటీ మహిపాల్ నా పేరు రాసుకొని తల ఎత్తి చూసినాడు. "ఏంది పెద్దమనిషీ, లోపల పిలగాండ్లు పొద్దుగాల లేస్తె మట్టయ్య మట్టయ్య అని మొత్తుకుంటరు, ఆ మట్టయ్యవు నువ్వేనా?" అని కుర్చీ వేసి కూర్చోబెట్టినాడు. ఏ గేటు కాడా నాకు అంతకుముందు ఎవరూ కుర్చీ వేయలేదు.

పక్క గదిలోనే క్లాసు. తలుపు తెరిచి ఉన్నది.

"మేడం, మట్టయ్య లేస్తలేడు!"

"ఆపి మల్ల లేపు."

"మేడం, మట్టయ్య మీద లోడు ఎక్కువైంది."

"అందరు ఒక్కని మీదనే పడితె ఎట్ల మోస్తడు రా? ఇంకో మట్టయ్యను తయారు చేసుకోండ్రి."

ఆ మేడం నా కూతురే. నేను గోడకు ఆనుకొని విన్నాను. నా మీద లోడు ఎక్కువైందని మార్కెట్‌లో ఉన్నన్ని రోజులు ఒక్కరూ అనలేదు. ఇంకొకణ్ణి తెచ్చుకోండి అని అసలే అనలేదు.

5. తర్వాత ప్రసన్నకుమార్ గారు పిలిచినారు. నన్ను నిలబెట్టే మాట్లాడినారు. నిలబడుట నాకు అలవాటే కావున దాని మీద ఫిర్యాదు లేదు.

"మట్టయ్య మీరేనా? మీకు కంప్యూటర్ వచ్చా?"

"రాదు సార్."

"మరి లోపలికెలా వచ్చారు?"

"గేటు నుంచి సార్."

వారు అడిగినది మిషన్ లోపలి సంగతి అని నాకు తర్వాత తెలిసినది. వారు మాత్రం నేను వెక్కిరించినానని అనుకొన్నారు. నా కూతురిని కూడా పిలిపించి, నా ముందే అన్నారు. "రేపు పైనుంచి పెద్దవాళ్లు సెంటర్ చూడ్డానికి వస్తారు. ప్రతి తెర మీదా మట్టయ్య, మట్టయ్య అని కనపడితే మన పరువేం కావాలమ్మా? గోదావరి అనో, గగన్ అనో పెట్టొచ్చుగా? మట్టేంటి, మట్టి?"

"మట్టి కాదు సార్, మట్టపల్లి" అని నేను మనవి చేసినాను. "మట్టపల్లి నరసింహస్వామికి మొక్కుకుంటె పుట్టిన్నని మా అమ్మ పెట్టిన పేరు."

"ఏదైతేనేం, వినడానికి మట్టేగా."

అయ్యా, ఆ మాటకు జవాబు చెప్పవలసినది పేరు పెట్టిన మా అమ్మ. ఆమె లేదు.

చివరకు వారు పెట్టిన షరతు ఏమనగా, ఆ పేరు మార్చి, పేరు పెట్టుట తప్పయినది అని నా కూతురు రాసి ఇచ్చినయెడల పొడిగింపు ఫైలు తమకు పంపుతారు, రాయనియెడల ఈ నెలాఖరుతో పని అయిపోయినట్టే. నా కూతురు "పేరు మార్చుమంటె మారుస్త సార్. మీట నొక్కితె మారుతది. తప్పయిందని మాత్రం రాయ" అన్నది. అప్పటి నుండి ఫైలు వారి బల్ల మీదనే ఉన్నది.

6. ఇక్కడ ఒక సంగతి తమ దృష్టికి తెచ్చుట నా విధి. నా పేరు రాకముందు, చేతితో తయారు చేసిన రోజుల్లో, ఆ మిషన్ల పేరు తేజస్విని-1, తేజస్విని-2 అని ఉండేదట. తేజస్విని ప్రసన్నకుమార్ గారి అమ్మాయి. ఆ పాప కూడా బయటి వ్యక్తియే గదా. ఆమెకు ప్రవేశము ఎట్లు కలిగినదని నోటీసు పోలేదు. ఆమె తండ్రికీ పోలేదు. పోవలెనని నేను కోరుట లేదు. తండ్రి బిడ్డ పేరు పెట్టుకొన్నాడు, చల్లగా ఉండాలి ఆ బిడ్డ. అయితే బిడ్డ తండ్రి పేరు పెట్టుకొంటే అది భద్రతా లోపం ఎట్లు అయినదో నా ఏడవ తరగతి చదువుకు అందలేదు. పేరు వినసొంపుగా ఉంటే లోపలికి రానిస్తారు, మట్టి వాసన వస్తే సంజాయిషీ అడుగుతారు. గేటు కాడ ఎవరు వచ్చినా ఒకే తీరుగా పేరు రాసుకొను మహిపాల్‌కు ఉన్నపాటి నియమం లోపల లేకపోయినది.

కటువుగా రాసినట్టున్నాను. కొట్టివేద్దామనుకొని మళ్లీ ఉంచినాను.

7. పై అంశములు ఎట్లున్నను, ఆడపిల్ల కష్టపడి సంపాదించుకొన్న నౌకరి నా పేరు వలన పోరాదు. కావున నా పేరు తీసివేయుటకు నాకు పూర్తి సమ్మతము. నా పేరు ఆ మిషన్లకు పెట్టుట తప్పే అని నా కూతురి తరఫున తండ్రిగా నేనే ఒప్పుకొనుచున్నాను. గోదావరి అను పేరు మంచిది. గగన్ కూడా మంచిదే.

ప్రార్థన: సదరు యాదలక్ష్మి నౌకరి పొడిగించవలెను. ఆమె కుదిర్చిన టైము, అక్షరాలు, జాగా ఇప్పటికీ సరిగ్గానే పని చేయుచున్నవని క్లాసులోని ఏ పిల్లవాడిని అడిగినా చెప్పగలడు.

పెద్దవారు, తండ్రి వంటివారు, తమకూ బిడ్డలు ఉండే ఉంటారు. ఇంత పొడుగు అర్జీని విసుగు లేకుండా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మట్టయ్య
(మిషన్ కాదు, మనిషి)

తా.క.: అయ్యా, ఈ అర్జీ కవరులో పెట్టబోతుండగా నా కూతురు అడిగి తీసుకొని చదివినది. చదివి, పెన్ను తీసి ఏడవ అంశమును పైనుండి కింది దాకా కొట్టివేసినది. నాకు కోపం వచ్చి, "నౌకరి పోతది బిడ్డా" అన్నాను.

"పోతె పోనీ నాయినా. నీ పేరు తప్పని ఒక్కపారి రాసిచ్చినంక, ఇంకో నౌకరికి దరఖాస్తు పెట్టేటప్పుడు తండ్రి పేరు అన్న కాడ నేనేం రాయాలె?"

అండాలమ్మ వంటింటి నుండి, "మట్టయ్య అని రాయి" అన్నది. మా ఇంటిలో ఆమె నోట ఆ పేరు నేను మొదటిసారి విన్నాను.

కొత్త కాగితము తీసుకొని ఏడవ అంశముతో సహా మళ్లీ రాద్దామని కూర్చున్నాను. చెయ్యి సాగలేదు. అందువలన ఇదే కాగితము పంపుచున్నాను. అర్జీలో కొట్టివేత ఉన్నచోట రాసినవారి సంతకం లేకపోతే చెల్లదని తెలిసినవారు చెప్పగా, ఆ గీత పక్కన సంతకము చేసినాను. అటువంటి చోట పొట్టి సంతకం చాలునట. నేను పూర్తి పేరు రాసినాను.