ఇంటికో పడవ మట్టి

చినగరువులంక,
ఆకివీడు మీదుగా.

గోదావరి బాలికల బాస్కెట్‌బాల్ శిక్షణ కేంద్రం, ఏలూరు,
ఎంపిక అధికారి వారి దివ్య సముఖమునకు.

అయ్యా,

విషయం: లీగు ఆటలో వచ్చిన లెక్కలను బట్టి మా అమ్మాయి కుమారి ముంగర ఇందుజ పనికిరాదని చేసిన తీర్మానమును పునఃపరిశీలించి, ఆమెను మరొక్కసారి ఆటకు పిలిపించవలసినదిగా కోరుట గురించి.

కొల్లేటి లంక గ్రామమైన చినగరువులంక కాపురస్తుడు, చేపల చెరువు కాపలాదారు ముంగర పోలయ్య సవినయంగా మనవి చేసుకొనునది.

1. సదరు ఇందుజ నా ఏకైక కుమార్తె. ఆకివీడులో పదో తరగతి చదువుచున్నది. ఆమె పరుగు, ఎగురుడు చూసి వ్యాయామ ఉపాధ్యాయులు నెల్సన్ మాస్టారు తాడేపల్లిగూడెం జూనియర్ లీగులో చేర్పించినారు. ఆ లీగులో రాణించిన వారినే తమ కేంద్రంలో చేర్చుకొందురని, వయసు నిబంధన ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి ఏడాది అని తమకు విదితమే.

2. లీగులో ఇందుజ వేసిన బంతులు పదింటికి ఒకటి కూడా పడలేదన్నది వాస్తవం. తమ కాగితంలో తప్పేమీ లేదు. నేను అక్కడే కూర్చుని కళ్లారా చూసినాను. ప్రతి బంతీ రింగు ముందు అంచుకు కొట్టుకుని వెనక్కి వచ్చినది. మా లంకలో కళ్లు మూసుకుని వేసినా పడేదండి ఆ పిల్లకి! ఆఖరి ఆట కాగానే వచ్చి నా పక్కన కూలబడి, "నాన్నా, నా చేతులకేదో అయిపోయింది నాన్నా" అని రెండు చేతులూ చాపి చూపించింది. చేతులు బాగానే ఉన్నాయి. నా ప్రాణం ఉసూరుమంది.

3. "చిన్న లీగులోనే రాణించనందున పై స్థాయికి అర్హురాలు కాదు" అని తమ పత్రంలో తెలియజేసినారు. సంతోషం. అయితే అదే లీగులో ఎవరు వేసి పోగొట్టిన బంతినైనా గాలిలో అందుకున్నది ఎవరు? పక్క పిల్లల చేతికి బంతి అందించి వాళ్ల చేత వేయించినది ఎవరు? ఆ ఊసే పత్రంలో లేదు. ఎదుటి జట్టు కోచ్ ఉషశ్రీగారు ఆట అయ్యాక నా దగ్గరకు వచ్చి, "ఏవండీ, ఈ పిల్ల మీ అమ్మాయాండీ? ఇలా ఎగిరే పిల్లని నేనింతవరకూ చూళ్లేదండి" అన్నారు. ఆ ముక్క ఏ గడిలో రాస్తారో తమరే సెలవియ్యాలి.

4. బంతులు పడకపోవడానికి కారణం తరవాత తెలిసినది. బడిలో రింగు విరిగిపోయినందున ఇందుజ సాధన అంతా మా ఊరి రింగు దగ్గరే. లీగు అయిపోయాక నెల్సన్ మాస్టారు పిల్లని ఓదార్చుదామని మొట్టమొదటిసారి పడవెక్కి మా లంకకు వచ్చినారు. రింగు కింద నుంచుని, చెయ్యెత్తి కాస్త ఎగిరినారు. రింగు చేతికి చిక్కినది. "పోలయ్యగారూ, ఇదేంటండీ, నాకు అందేస్తోందీ?" అన్నారు.  టేపు పెట్టి చూస్తే ఉండవలసిన దానికంటే అడుగుపైన తక్కువ.

5. మాది నీళ్లలో ఊరు. ఏటా వానలకు ముందు ఉమ్మడి స్థలం మునగకుండా ఇంటికో పడవ మట్టి తెచ్చి పోసి దిమ్మిస కొట్టి గట్టిపరచడం మా తాతల నాటి కట్టుబాటు. ఇందుజ చిన్న తరగతిలో ఉండగా ఆ స్థలంలోనే రింగు స్తంభం పాతినాము. అప్పటికి కొలత సరిగానే ఉన్నది. పిల్ల ఆట చూసి ఊరికి ముచ్చటేసింది. "మన ఇందుజమ్మ ఆడే చోటు, బురదైతే జారిపోద్దండి" అని ఇంటికి రెండేసి పడవలు పోసినారు. మంచం దిగలేని సత్తెమ్మగారు కూడా కోడలి చేత పోయించింది. నేల పైకి వచ్చినది, స్తంభం ఉన్నచోటే ఉన్నది. పొట్టి రింగుకే పిల్ల చేతులు అలవాటు పడినవి. ఒక్కరమూ తలెత్తి చూడలేదండి. ఎవరిని తిట్టను? కోపం తెచ్చుకుందామంటే అందరూ దాని మీద ప్రేమతోనే పోశారాయె.

6. ఈ సంగతి చెబితే పిల్ల మనసు కుదుటపడుతుందనుకున్నాను. "నీ చేతుల్లో ఏ లోపమూ లేదమ్మా, రింగులోనే ఉంది" అన్నాను.  దానికి పిల్ల, "అయితే ఇన్నేళ్లూ ఇక్కడ పడినవన్నీ పడనట్టేనా నాన్నా?" అంది. అయ్యా, దీనికి జవాబు తమకు తెలిస్తే తెలియజేయగలరు.

7. స్తంభానికి ఇనప పైపు అతికించి రింగును సరైన ఎత్తుకు పెట్టించినాము. పిల్ల అటు తొంగి చూడటం లేదు. పరీక్షలు కాగానే వాళ్లమ్మతోపాటు రొయ్యల షెడ్డుకు పనికి పోతానంటోంది. వాళ్లమ్మ వీరలక్ష్మి బతిమాలింది. నేను కసిరాను, ఆనక నేనే ఏడ్చాను. మేం పిలిస్తే రావట్లేదండి. తమరు పిలిస్తే వస్తుంది.

కావున, సీటు ఇమ్మని నేను అడుగుట లేదు. సరైన రింగు కింద కొన్నాళ్లు ఆడనిచ్చి, లీగు కాగితం పక్కనబెట్టి, తమ కళ్లతో ఒక్కసారి చూడవలసినదిగా ప్రార్థన. అప్పుడు కూడా పనికిరాదంటే మారుమాట్లాడకుండా ఇంటికి తీసుకుపోతాను. ఇంతకుమించి రాయడం చేతగాక ఆపుచున్నాను, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ముంగర పోలయ్య

మరొక మనవి: ఈ అర్జీ పెట్టినట్టు పిల్లకు తెలియదండి. మా పోస్టుమేన్ వీర్రాజు పడవ దిగుతూనే ఉత్తరం ఎవరికొస్తే వాళ్ల పేరు ఊరంతా వినబడేలా కేకేస్తాడు. పిలిచేటట్టయితే దాని పేరున పంపండి. కుదరదనేటట్టయితే మాత్రం నా పేరున పంపండి. నా పేరు కేకేస్తే ఎవరూ బయటికి రారండి.